‘అన్నీ చేసుకుంటారా?’: వృద్ధదేహ పరిచర్య - తెలుగు నుడి, తెలుగు కథ

వృద్ధాశ్రమంలో పెద్దవారిని చేర్చడానికి వచ్చిన కుటుంబాన్ని నిర్వాహకులు తొలిగా అడిగే ప్రశ్న వయసును గురించి కాదు, జబ్బును గురించీ కాదు. “అన్నీ చేసుకుంటారా?” అని అడుగుతారు. “అన్నీ చేసుకుంటారు”, “కొంచెం సాయం కావాలి”, “అన్నీ మంచంలోనే” అన్న మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. నెలకు చెల్లించవలసిన రుసుము, కేటాయించే గది, రాత్రి మనిషి అవసరమా కాదా అన్నవి ఈ జవాబును బట్టి తేలతాయి. ఈ ‘అన్నీ’లో ఏమేమి ఉన్నాయో అడిగినవారు విడమరచరు, చెప్పినవారూ విడమరచరు. అయినా ఇరువురికీ అర్థమవుతుంది. తెలుగులో ఇంత బరువు మోస్తున్న సర్వనామం మరొకటి ఉన్నట్లు కనబడదు.

ఈ వ్యాసం ఆ ‘అన్నీ’ని విప్పే ప్రయత్నం. మంచం మీదనుంచి లేపడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, కడగడం, స్నానం చేయించడం, దుస్తులు మార్చడం, తినిపించడం అనే పనులకు తెలుగు నుడికారం ఎక్కడెక్కడినుంచి మాటలు తెచ్చుకుంది, వాటిలో దేనికి సాహిత్యంలో చోటు దొరికింది, దేనికి దొరకలేదు అన్నది ఇక్కడి ప్రశ్న. వృద్ధాప్యం తెలుగు కథకు కొత్త వస్తువు కాదు. అయితే వృద్ధాప్య కథలపై వచ్చిన విమర్శ సాధారణంగా పిల్లల కృతఘ్నత, వలస, ఉమ్మడి కుటుంబం చెదరడం అన్న అంశాల చుట్టూ తిరుగుతుంది. వృద్ధుడి ఒంటరితనం మీద పుటలకు పుటలు వ్రాసిన మనం, ఆ వృద్ధుడిని ఉదయం ఆరింటికి మంచం మీదనుంచి ఎవరు లేపారో అడగలేదు.

ప్రాంతం, పరిశీలన

హైదరాబాదు తూర్పుభాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ కూడలి వరకు సాగే రహదారి, విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో భాగం. నల్లగొండ, ఖమ్మం జిల్లాలనుంచీ, కోస్తానుంచీ నగరానికి వచ్చేవారికి ఇదే వాకిలి. పోటీపరీక్షల శిక్షణ కోసం వచ్చే యువతతో దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాల పేటగా పెరిగింది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్-అమీర్‌పేట మార్గంలో మెట్రో నడవడం మొదలైన తరువాత లోపలి కాలనీలు ఇంకా ఇరుకయ్యాయి. వసతిగృహంగా ఉండే రకం అద్దె భవనమే, అదే వరుస మంచాలతో, అదే మెట్ల కింది వంటగదితో, పక్క వీధిలో వృద్ధాశ్రమంగా కనబడుతుంది. చదువుకోవడానికి వచ్చి విదేశాలకు వెళ్లిపోయినవారి తల్లిదండ్రులు, ఒకప్పుడు ఆ పిల్లలు ఉన్నటువంటి గదుల్లోనే ఇప్పుడు ఉంటున్నారనడం అతిశయోక్తి కావచ్చుగాని అబద్ధం మాత్రం కాదు.

సంరక్షణగృహం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. మెట్రో స్టేషను పేరులో నేటికీ వినిపించే విక్టోరియా మెమోరియల్ హోం, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, సరూర్‌నగర్‌లోని రాజభవనం అనాథ బాలల కోసం ఇవ్వగా ఏర్పడినది. అనాథ శిశువుకు ప్రభువు మేడ ఇవ్వడం చరిత్రలోకి ఎక్కింది, స్టేషను పేరయింది. వృద్ధులకు అద్దె ఇల్లు దొరికింది. శిశువు దేహానికీ వృద్ధుడి దేహానికీ సమాజం ఇచ్చే చోటులోని ఈ తేడా భాషలోనూ ఉంది. దాన్ని తరువాత చూద్దాం.

ఈ వ్యాసానికి ఆధారమైన సంభాషణలు ఈ ప్రాంతంలోని రెండు ఆశ్రమాల్లో నిర్వాహకుల, నివాసుల, సహాయకుల అనుమతితో విన్నవి. పేర్లు, ఆనవాళ్లు ఇవ్వడం లేదు. స్నానపు గదుల్లోకి నేను వెళ్లలేదు. తలుపు ఇవతల కూర్చుని వినిపించినంతవరకే వ్రాసుకున్నాను. పరిశోధన పద్ధతిగా ఇది లోపమే. అయితే చూడకుండా వినవలసి రావడం వల్లనే, చేష్టకన్నా క్రియాపదం మీద నా దృష్టి నిలిచిందని ఒప్పుకోవాలి.

దేవుడి దేహం, మనిషి దేహం

1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, సహచరులతో కలిసి, వృద్ధుల స్వతంత్రతను కొలవడానికి ఒక సూచిక ప్రకటించాడు. స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వాడడం, మంచానికీ కుర్చీకీ నడుమ కదలడం, విసర్జనపై అదుపు, భోజనం అన్న ఆరు పనులు ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలరా అన్నది దాని కొలత. ప్రపంచమంతటా వృద్ధుల వైద్యంలో నేటికీ దీన్ని వాడుతున్నారు. “అన్నీ చేసుకుంటారా?” అన్న ప్రశ్న ఈ సూచికకు తెలుగు రూపమే అనుకోవచ్చు.

ఈ ఆరింటిని మన షోడశోపచారాల పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఆసనం, పాద్యం, ఆచమనీయం, స్నానం, వస్త్రం, గంధం, నైవేద్యం, తాంబూలం అన్న ఉపచారాలు నిజానికి ఒక దేహానికి రోజూ చేసే సంరక్షణకు క్రమబద్ధమైన పట్టిక. దేవాలయంలో సుప్రభాతంతో లేపడం, పవళింపుసేవతో పడుకోబెట్టడం, పల్లకీలో ఒక చోటినుంచి మరొక చోటికి తరలించడం కూడా అటువంటివే. కాట్జ్ చెప్పిన ఆరింటిలో స్నానం, దుస్తులు, కదలిక, భోజనం అనే నాలుగింటికి దేవుడి సేవలో ప్రతిరూపాలున్నాయి. మరుగుదొడ్డికీ, విసర్జనకూ లేవు. ఉండవు కూడా. దేవుడి దేహం భుజిస్తుంది, విసర్జించదు.

తెలుగు కావ్యభాష పరిచర్యకు వాడిన మాటలు చాలావరకు ఈ కుదురునుంచి వచ్చినవే. ‘ఉపచారం’ అంటే దగ్గరకు వెళ్లడం, ‘పరిచర్య’ అంటే చుట్టూ తిరుగాడడం. ‘సేవ’ సంగతి చెప్పనక్కరలేదు. ‘శుశ్రూష’ ఒక్కటే వేరు. శ్రు ధాతువునుంచి పుట్టిన ఈ మాటకు మూలార్థం వినాలనే కోరిక. గురువు చెప్పేది వినగోరడంనుంచి గురువును సేవించడమన్న అర్థం, అక్కడినుంచి రోగికి చేసే సేవ అన్న అర్థం ఏర్పడ్డాయి. నేడు ఆసుపత్రి తెలుగులో ‘శుశ్రూష’ అంటే మందులు, కట్లు. వినడం దానిలోనుంచి జారిపోయింది.

మన ఆదర్శ పుత్రుల కథల్లోనూ ఈ నాలుగు పనుల హద్దు దాటలేదు. అయోధ్యకాండలో దశరథుడి బాణానికి బలైన ముని కుమారుడు అంధులైన తల్లిదండ్రులకు నీళ్లు తేవడానికి వెళ్లినవాడు. వాల్మీకి అతనికి పేరు పెట్టలేదు. శ్రవణకుమారుడన్న పేరుతో, భుజాన కావడితో లోకం అతన్ని గుర్తుపెట్టుకుంది. తాను వైశ్యుడికి శూద్రస్త్రీయందు పుట్టినవాడినని అతడు చెప్పుకోవడం మాత్రం జనశ్రుతిలో నిలవలేదు. పుండరీకుడి కథకు తెలుగువారిలో అత్యంత ప్రచారం తెచ్చిన 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’ చలనచిత్రంలోనూ మాతాపితృసేవకు దృశ్యరూపం పాదసేవే. మోయడం, నీళ్లివ్వడం, పాదాలు ఒత్తడం: ఆదర్శం ఇక్కడ ఆగుతుంది. కావడిలోని తల్లిదండ్రులను ఏ చెట్టు చాటున దించేవాడో ఏ కథకుడూ చెప్పడు.

పాల్కురికి సోమనాథుడు ఈ విషయంలో ప్రత్యేకంగా పరిశీలించదగినవాడు. బసవపురాణంలోని బెజ్జమహాదేవి, శివుడికి తల్లి లేదని బాధపడి తానే తల్లి అవుతుంది. నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పడుతుంది. దేహసంరక్షణను ఇంత వివరంగా, ఇంత దేశితనంతో వర్ణించిన ఘట్టం మన ప్రాచీన కావ్యాల్లో అరుదు. సోమనాథుడి గొప్పతనం దేవుడికి చేసే ఉపచారాన్ని ఇంటి తల్లి చేతుల్లోకి తేవడంలో ఉంది. అదే పురాణంలో భక్తుల బట్టలుతికే మడివాలు మాచయ్యను శివభక్తుల్లో అగ్రశ్రేణిలో నిలిపాడు. మైలబట్టను కావ్యవస్తువు చేసిన కవి ఆయన. అయితే ఒక మెలిక ఉంది. బెజ్జమహాదేవి చేతిలోని దేహం దేవుడిది, ఆమె ఊహలో శిశువుది. కవి ఇచ్చిన ఆ చక్కని పదసంపదను వృద్ధుడి దేహానికి వర్తింపజేస్తే ఆ వృద్ధుడు దేవుడో పసివాడో కావలసిందే. అరవై ఏళ్లు సంసారం ఈది, ఓట్లేసి, అప్పులు తీర్చి, తగవులు తీర్చిన మనిషిగా మిగలడు.

మంత్రసాని సామెత

మిగిలిన రెండు పనులకు మాటలు ఎక్కడున్నాయి? సాహిత్యంలో కాదు, సామెతలో ఉన్నాయి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెత తెలుగువారందరికీ తెలుసు. ఈ సామెత రెండు రూపాల్లో వ్యవహారంలో ఉంది. మర్యాదగా చెప్పే రూపంలో ‘ఏది వచ్చినా’ అంటాం. పల్లెల్లో వినిపించే నిండు రూపం బిడ్డనూ మలాన్నీ వేర్వేరుగా, అచ్చతెనుగు మాటల్లో, పేర్కొంటుంది. ఈ వ్యాసంలో నేను కూడా ‘మలం’ అన్న సంస్కృతపదం చాటుకు వెళ్లానన్నది పాఠకుల దృష్టికి రాకపోదు. పరిశోధన వ్యాసానికి ఉన్న మర్యాద అది. ఆ మర్యాదే ఇక్కడ పరిశోధనాంశం. మర్యాద రూపంలోని ‘ఏది’, ఆశ్రమంలో అడిగే ‘అన్నీ’ ఒకే పని చేస్తున్నాయి. రెండూ సర్వనామాలు. రెండింటి వెనుకా పలకకూడని నామవాచకం ఉంది.

సామెత ఎవరి గురించి చెబుతోందో కూడా గమనించాలి. మంత్రసాని కుటుంబంలోని మనిషి కాదు, కూలి తీసుకుని వచ్చిన స్త్రీ. ‘ఒప్పుకున్నాక’ అన్న మాటలో ఒప్పందం ఉంది, ఆ ఒప్పందంలో ఆమెకు ఎంపిక లేదన్న ఎత్తిపొడుపు ఉంది. ఉపచారం భక్తుడిది, పుత్రుడిది. చాకిరి కూలి మనిషిది. ‘చాకిరి’ పారసీకంనుంచి వచ్చింది. ‘ఊడిగం’ మన మాటే. ఈ రెండు మాటలకూ తెలుగులో నింద అంటుకునే ఉంది. ఒకే దేహానికి చేసే ఆరు పనుల్లో నాలుగు ఉపచారంలోకి, రెండు చాకిరిలోకి చీలిపోయాయి. ఆ చీలిక వెంట కులమూ నడిచింది. పాకీపనిని కొన్ని కులాల నెత్తిన పెట్టిన సమాజంలో, కన్నతల్లి మలాన్ని ఎత్తవలసిన కొడుకు నిఘంటువులో మాట కోసం వెతుక్కోవడం ఆశ్చర్యం కాదు.

చట్టభాష కూడా ఈ చీలికను దాటలేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ-సంక్షేమ చట్టం ‘పోషణ’కు ఇచ్చిన నిర్వచనంలో ఆహారం, దుస్తులు, నివాసం, వైద్య పరిచర్య, చికిత్స ఉన్నాయి. చేతి సాయానికి దానిలో పేరు లేదు. అన్నం పెట్టడం పోషణ. తినలేనివారికి తినిపించడం, తిన్న తరువాతి పని ఆ పట్టికలో ఎక్కడ చేరుతాయో ఊహించుకోవలసిందే.

చేయించు, కడుగు, మార్చు

ఇక తలుపు ఇవతల విన్న క్రియాపదాల సంగతి. దేహసంరక్షణకు తెలుగు వాడే క్రియల్లో ఎక్కువ భాగం ప్రేరణార్థకాలు: స్నానం చేయించు, తినిపించు, తాగించు, నడిపించు, పళ్లు తోమించు. ‘లేపు’, ‘పడుకోబెట్టు’, ‘కూర్చోబెట్టు’ వంటివి కూడా అర్థంలో ఆ కోవలోవే. ప్రేరణార్థకంలో ఇద్దరు కర్తలుంటారు, చేయించే ప్రయోజకకర్త, చేసే ప్రయోజ్యకర్త. “ఆమె అవ్వకు స్నానం చేయించింది” అన్న వాక్యంలో నీళ్లు ముంచి పోసినది, సబ్బు రుద్దినది, తుడిచినది సహాయకురాలే. అయినా వ్యాకరణం ప్రకారం స్నానం చేసినది అవ్వ. చేయి కదపలేని మనిషిని కూడా తెలుగు వాక్యం కర్తృత్వంనుంచి తొలగించలేదు. దీనికి భిన్నంగా ‘నీళ్లు పోయు’ అన్నది శిశువుకూ వాడతాం, శవానికీ వాడతాం. అక్కడ దేహం కేవలం పాత్ర.

విసర్జనకు సంబంధించిన పనుల దగ్గరకు వచ్చేసరికి ప్రేరణార్థకం మాయమవుతుంది. కడుగు, తుడుచు, మార్చు, ఎత్తు, పారబోయు. ఇవి మామూలు సకర్మక క్రియలు. వాటి కర్మ కూడా మనిషి కాదు: డైపరు మార్చాలి, దుప్పటి మార్చాలి, మూత్రపు సంచి ఖాళీ చేయాలి. మనిషి కర్తగానే కాదు, కర్మగా కూడా మిగలడు. ఈ పనులకు ప్రేరణార్థకాలు తెలుగులో లేవా అంటే ఉన్నాయి. పసిపిల్లల విషయంలో తల్లులు రోజూ వాడేవే. వృద్ధుడికి వాడితే అతన్ని పసివాడిని చేసినట్లవుతుంది గనుక సహాయకులు వాడరు. వాడితే నవ్వు కోసం, లేదా కోపంలో.

ఈ విభజన నూటికి నూరుపాళ్లు నిలిచేది కాదు. తల దువ్వడం, గోళ్లు తీయడం, గడ్డం గీయడం కూడా సకర్మకాలే. వాటిలో అవమానం లేదు. ఆరోగ్యవంతులు కూడా ఆ పనులు ఒకరిచేత చేయించుకుంటారు గనుక వాటికి ‘గీయించుకొను’, ‘దువ్వించుకొను’ అన్న రూపాలున్నాయి. ‘-ఇంచుకొను’ రూపంలో చేయించుకునేవాడే యజమాని. “నేను డైపరు మార్పించుకున్నాను” అని ఒక వృద్ధుడు అనడం వ్యాకరణరీత్యా సాధ్యమే. నేను మాత్రం వినలేదు.

ఒక ఆశ్రమంలో, ఉదయం ఏడున్నర ప్రాంతంలో, లోపలినుంచి వినిపించిన సంభాషణ ఇది. సహాయకురాలు పాతికేళ్ల యువతి. లోపలున్న పెద్దావిడకు ఎనభై దాటాయి.

“తానం జేద్దామా అవ్వా?”

“నువ్వెందుకు జేస్తవు బిడ్డా? నాకు జేపియ్యి.”

ఈ ‘-దామా’ రూపాన్ని నేను అంతకుముందు కొన్ని రోజులుగా సేకరిస్తున్నాను: లేద్దామా, తిరుగుదామా, తిందామా. ఇద్దరినీ కలుపుకునే ఈ ఉత్తమపురుష బహువచనంలో సమభావం ఉందని, ఆజ్ఞ స్థానంలో ఆహ్వానం ఉందని వ్యాసంలో వ్రాయడానికి సిద్ధంగా ఉన్నాను. పెద్దావిడ ఒక్క మాటతో ఆ ప్రతిపాదనను కొట్టివేసింది. ‘-దామా’ పసిపిల్లలతో మాట్లాడే రూపమని ఆమెకు తెలుసు. తల్లి “బువ్వ తిందామా” అంటుంది, తినేది బిడ్డ మాత్రమే. దాని స్థానంలో ఆమె కోరుకున్నది ప్రేరణార్థకం. ‘జేపియ్యి’ అన్నది విధిరూపం కూడా. అడిగినది సహాయకురాలు, చెప్పినది అవ్వ. ఆ తరువాత ఇద్దరూ నవ్వుకోవడం వినిపించింది.

ఆ యువతి అడగకుండా చేయి వేయకపోవడం కూడా ఇక్కడ గమనించవలసినదే. ఆశ్రమంలో అందరూ అలా అడగరు. “లే”, “తిరుగు”, “నోరు తెరువు” అన్న విధిరూపాలే ఎక్కువ. నలుగురికి కాదు, పదిమందికి స్నానాలు ముగించవలసిన మనిషికి ప్రశ్నార్థకం వాడే తీరిక ఉండదు. పుండ్లు పడకుండా మంచంలోని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలన్నది సంరక్షణలో ప్రాథమిక నియమం. ఒక రాత్రి షిఫ్టులో ఎందరిని ఎన్నిసార్లు తిప్పాలో లెక్కవేస్తే, మర్యాద అన్నది స్వభావానికే కాక పనివేళలకూ సంబంధించినదని తెలుస్తుంది.

తెలంగాణ వ్యవహారంలో ‘సాదుడు’ అన్న మాట ఉంది. బిడ్డను సాదుతారు, పశువును సాదుతారు, ముసలి తల్లినీ సాదుతారు. కోస్తాలో ‘సాకు’ దాదాపు ఇదే. దీనిలో దేవుడూ లేడు, బానిసత్వమూ లేదు. తిండితోపాటు కడగడం, ఎత్తడం, పడుకోబెట్టడం అన్నీ చీలిక లేకుండా ఈ ఒక్క మాటలో ఇముడుతాయి. ‘అరుసుకొనుడు’ కూడా ఇటువంటిదే: ఆరా తీయడం, ఓదార్చడం, చూసుకోవడం కలిసిన మాట. వృద్ధాశ్రమాల కరపత్రాల్లో ‘సేవ’, ‘ప్రేమ’, ‘కేర్’ కనబడతాయి, ‘సాదుడు’ కనబడదు. పరిశోధన వ్యాసాల్లోనూ కనబడదు.

కథల్లో చేయి

ఆధునిక కథాసాహిత్యంలో పరిచర్య చేసే చేతిని వెతికితే తరచు దొరికేది ఇంటి స్త్రీ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అరికాళ్లకింద మంటలు’లో వితంతువైన రుక్మిణికి పుట్టింట్లో ప్రతి ఒక్కరూ పని చెప్పేవారే. కథలో అధికభాగం సంభాషణే, ఆ సంభాషణలో అధికభాగం ఆజ్ఞలే. విధిరూప క్రియతో ఒక జీవితాన్ని ఎంతగా నలగ్గొట్టవచ్చో శ్రీపాద చూపినట్లు మరొకరు చూపలేదు. చివరకు ఆమె జట్కా ఎక్కి వీరేశలింగంగారి తోటకు దారి తీస్తుంది. ఈ కథను సంఘసంస్కరణ కథగా చదివాం, సరైన పఠనమే. అయితే రుక్మిణి వెళ్లిపోయిన మరునాటి ఉదయం ఆ ఇంట్లో పెద్దలకు వేన్నీళ్లు ఎవరు తోడారన్న ప్రశ్న కథ వెలుపల మిగిలింది. ఆ ఇంటి వారసులు నేడు దిల్‌సుఖ్‌నగర్ ఆశ్రమం నంబరుకు ఫోను చేస్తున్నారని నా అనుమానం. రుక్మిణి బయటపడింది, పని బయటపడలేదు. అది మరొక స్త్రీ చేతికి, ఈసారి జీతానికి, మారింది.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ మరొక రకం. తుపాను రాత్రి, చలికీ భయానికీ వణికిపోతున్న రావుగారి దేహానికి వెచ్చదనం ఇచ్చినది ఒక బిచ్చగత్తె. చదువుకున్న, నియమాలున్న పురుషదేహాన్ని అట్టడుగు స్త్రీ చేయి తాకడం, ఆ తాకిడికి అతడి సిద్ధాంతాలు చెదరడం మన కథాచరిత్రలో గొప్ప ఘట్టం. కాని తెల్లవారేసరికి ఆమె బ్రతికి లేదు. సాయం చేసిన చేయి కథ పూర్తయ్యాక ఇంకా కూలి అడుగుతూ, అలసిపోతూ, రేపు కూడా రావలసిన చేయిగా ఉండదు. శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’లోని అవ్వ విషయంలో కవి ప్రశ్న బాధ్యత ఎవరిదని. అది అడగవలసిన ప్రశ్నే. బాధ్యత తేలిన తరువాత కూడా ఆ అవ్వకు ఎవరో నీళ్లు తాగించవలసే ఉంటుంది.

శ్రీరమణ ‘మిథునం’ వృద్ధాప్యాన్ని తెలుగువారికి అత్యంత ప్రీతిపాత్రం చేసిన కథ. 2012లో తనికెళ్ల భరణి దాన్ని చలనచిత్రంగా తీశాక ఆ ప్రీతి ఇంకా పెరిగింది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఒకరికొకరు వండి పెట్టుకుంటారు, పోట్లాడుకుంటారు. ఇది రుచి చూసే దేహం, తోటపని చేసే దేహం, అన్నీ చేసుకునే దేహం. భర్తకన్నా తాను ముందు పోతే అతన్ని చూసేవారెవరన్న బుచ్చిలక్ష్మి చింతలో మాత్రం మంచం పట్టే రోజు నీడ ఒక్కసారి పడి తొలగిపోతుంది. కథ అప్పదాసును మంచాన పడనివ్వలేదు. పాఠకుల ప్రేమకు అదీ ఒక కారణమేమో. ‘అన్నీ మంచంలోనే’ అన్న దశకు ముందే ముగిసే వృద్ధాప్యాన్నే మనం అందమైనదిగా చదువుకున్నాం. ఇది శ్రీరమణ శిల్పంలో లోపమని అనడం లేదు. మన అభిరుచికి అది ఆనవాలు.

కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి తన చివరి సంవత్సరాలు నగరానికి పడమటివైపు, కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి, 2019 జూన్ 28న మరణించారు. పిల్లల మీద ఆధారపడని వృద్ధాప్యాన్ని ఎన్నుకోవడం, ఆ ఎంపికను దాచుకోకపోవడం తెలుగు స్త్రీవాద చరిత్రలో చిన్న సంగతి కాదు. వృద్ధాశ్రమం అంటే పిల్లలు వదిలేసిన చోటన్న కథాసూత్రానికి ఆమె జీవితమే జవాబు. తూర్పువైపు ఆశ్రమాల్లోని స్త్రీలు చాలామంది ఇటువంటి ఎంపిక చేసుకున్నవారు కారు. వారి కథను వారే వ్రాసుకునే స్థితీ లేదు. వారికన్నా ఇంకా మౌనంగా ఉన్నవారు వారిని లేపే చేతులు.

పేరు

పి. సత్యవతి ‘ఇల్లలుకగానే’ కథలోని గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోతుంది. వృద్ధాశ్రమ సహాయకురాలికి ఆ మరుపు ఉద్యోగంలో చేరిన రోజే మొదలవుతుంది. నివాసులు ఆమెను ఆయమ్మ, సిస్టర్, బిడ్డా, పిల్లా అంటారు. కుటుంబసభ్యులు ‘మీ మనిషి’ అంటారు. శిక్షణ ధ్రువపత్రం ఉంటే దానిలో ‘జనరల్ డ్యూటీ అసిస్టెంట్’ అని ఉంటుంది. ఏజెన్సీవారి ప్రకటనలో ‘కేర్‌టేకర్’. తెలుగులో ఈ వృత్తికి మర్యాదతో పిలవగలిగిన పేరు ఇంకా స్థిరపడలేదు. ‘సేవకురాలు’ అనలేం, ‘పరిచారిక’ అంటే నాటకంలో రాణి పక్కన వింజామర పట్టుకున్న స్త్రీ గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో నేను వాడిన ‘సహాయకురాలు’ కూడా చప్పని మాటే. ఆమె చేసేది సహాయం మాత్రమే అయితే, ఆమె రాని రోజు ఆశ్రమం అంతలా స్తంభించదు.

పేరు లేకపోవడం ఒక్క సహాయకురాలికే పరిమితం కాదు. నేను మాట్లాడిన కొన్ని కుటుంబాలు బంధువుల దగ్గర “అమ్మ హైదరాబాదులో ఉంది” అని చెబుతాయి. వాక్యం అబద్ధం కాదు. ఎవరి దగ్గర ఉందో చెప్పదు, అంతే. ‘జేపియ్యి’ అన్న పెద్దావిడకు స్నానం చేయించిన యువతి నల్లగొండ జిల్లానుంచి వచ్చింది. ఏం పని చేస్తున్నావని ఊరివాళ్లు అడిగితే ఏం చెబుతావని అడిగాను. తడి తువ్వాలు దండెం మీద ఆరవేస్తూ, “దవాఖానల పని అని చెప్త” అంది.